త్రాటి కొలత – రంపపు కోత



జీర్ణోద్ధరణ సమయమున గర్భాలయ ద్వారబంధమును ఊడదీసిన దినమున నేనచ్చటనే యుంటిని. నిలువు కమ్మి, పై కమ్మి కలియు మూలలలో ఒక్క మేకైనను లేదు. ఒక కమ్మి కొనయందలి కుసి రెండవ కమ్మికి తొలిచిన రంధ్రమున వెంట్రుకవాసి సందు లేకుండ ఇమిడియున్నది. ఇన్నాళ్లు ఆ గడప దాటి లోనికేగుచు, ఆ మూలను ఒక్కనాడైనను పరికించి చూడనైతిని.

చేతిరంపముతో ఇంత ఖచ్చితమైన మూల ఎట్లు సాధ్యమైనది? దీనికి మూలము మన వేదాంగములలోనే కలదు. తెలుగునాట పెక్కు వైదిక కుటుంబములు అనుసరించు ఆపస్తంబ కల్పసూత్రమున 30వ ప్రశ్నము శుల్బసూత్రము. శుల్బమనగా త్రాడు. త్రాటిని 3, 4, 5 పాళ్లుగా గుర్తించి త్రికోణముగా బిగించినచో, 3, 4 పాళ్ల భుజములు కలియుచోట లంబకోణ మేర్పడును. 5, 12, 13 పాళ్లును, 8, 15, 17 పాళ్లును అట్టివే. యజ్ఞవేదికలను ఈ కొలతలతోనే నిర్మించిరి.

యజ్ఞమున నిలుపు యూపస్తంభము దారుమయము, ఎనిమిది అంచులు గలది. చదరపు దుంగను ఎనిమిది పలకలుగా చేయుటకు దారుశిల్పులు ఎరిగిన సులభ మార్గము గలదు. భుజము 12 అంగుళములైన, కర్ణము సుమారు 17. అందు సగము, అనగా 8½ అంగుళములు, ప్రతి మూలనుండి ఇరుప్రక్కల గుర్తింపవలెను. అపుడు మూలకు 3½ అంగుళముల చొప్పున కోయగా, మధ్య 5 అంగుళముల పలక నిలుచును. కోసిన చోటను దాదాపు 5 అంగుళముల పలకయే తేలును.

ఇక కోత విషయము. మూలమట్టము ఆనించి, గీతను దుంగ నాలుగు ముఖములకును త్రిప్పి గీయవలెను. చివరి గీత మొదటి గీతను కలిసిననే అది సరి. రంపమును గీతపై నుంచక, తీసివేయు భాగము వైపున నుంచవలెను. అంచున సన్నని గాటు పెట్టి, పైగీతను ప్రక్కగీతను ఒకేమారు కనిపెట్టుచు కోసి, దుంగను త్రిప్పి మరల కోయవలెను. మిగిలిన పిసరును ఉలితో తీయుదురు. చట్రము కూర్చిన పిమ్మట, ఎదురెదురు కమ్ములు సమానమై, రెండు కర్ణములును త్రాటి కొలతకు సమానమైనచో నాలుగు మూలలును సరియైనవే. అనగా, వేదికకు పట్టిన త్రాడే ద్వారబంధమునకును సాక్షి.

ఈ దారువిద్యను శిలయు మరువలేదు. కృష్ణాతీరమందలి అమరావతి స్తూప ప్రాకారమున నిలువు కంబములకు రంధ్రములు తొలిచి అడ్డుకమ్ములను దూర్చిన తీరు వడ్రంగి పనికి అనుకరణమే.

శ్రీరుద్ర నమకమున నాల్గవ అనువాకము తక్షకులకును, రథకారులకును నమస్కరించుచున్నది. 40 సంవత్సరములకు పైగా నేను దానిని నిత్యము పఠించుచున్నాను. కాని ఆ పాత ద్వారబంధమును చేసినవాని పేరు నాకు తెలియదు. ఏ ఫలకముపైనను లేదు. నోటితో చేసిన నమస్కారము చేతివరకు రాలేదు.

ఈసారి యంత్రము దుంగను చీల్చినది గాని, మూలలను కోసినది మాత్రము చేతిరంపమే. దాతల నామములు చెక్కించు శిలాఫలకమున, చివరి వరుసయందైనను ఆ దారుశిల్పుల పేర్లు ఉండవలెనని ధర్మకర్తలకు విన్నవించితిని. దాతలెల్లరును సంతోషముతో సమ్మతింతురు గాక.

శుభం భూయాత్.