ఏ గడిలో పెట్టాలి? ఒక సర్టిఫికెట్ చరిత్ర

మడికొండలో మా అక్క ఇంట్లో, బీరువాలో బట్టల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మా మేనల్లుడికి 2014లో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం ఉంది. వాడికప్పుడు ఆరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు, కానీ కాజీపేట మీదుగా పోయే రైళ్ల నంబర్లన్నీ వరసగా అప్పజెప్పేవాడు. పరీక్ష చేసినాయన నోటితో ఆటిజం అన్నాడు, కాగితం మీద బుద్ధిమాంద్యం అని రాశాడు. అదేమిటని అక్క అడిగితే "దానికి ఇందులో గడి లేదమ్మా" అన్నాడట.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసి, "గడి లేదంటే ఏంది తమ్మీ? పిలగాడు ఉన్నడు గద" అంది. నేను ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. గడి లేకపోవడమంటే ఏమిటో రోజూ చూసేదే. అయినా ఆరోజు అక్కకు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం తరవాత చట్టాలూ మార్గదర్శకాలూ చదువుతూ పోయాను. తెలిసిందేమిటంటే, ఆ గడి కథ మన ఊళ్లో మొదలవలేదు.

బడిలో వెనకబడే పిల్లలను గుర్తించడం కోసం ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ పనిలోంచే 1905లో బినే, సిమోన్‌ల పరీక్ష పుట్టింది. పిల్లలకు ఎక్కడ సాయం కావాలో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. 1930లలో వి. వి. కామత్ ధార్వాడలో దాన్ని కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చాడు. మన క్లినిక్కులలో ఈనాటికీ వినబడే బినే-కామత్ పరీక్ష అదే. కానీ ఇక్కడికి వచ్చేసరికి ఆ అంకెకు ఇంకో ఉద్యోగం పడింది. 2001 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఐక్యూను నేరుగా వైకల్య శాతంగా మార్చేశాయి. 50 నుంచి 69 దాకా ఉంటే 50 శాతం, 35 నుంచి 49 అయితే 75 శాతం, 20 నుంచి 34 అయితే 90 శాతం, అంతకన్నా తక్కువైతే నూరు. 40 శాతం దాటితేనే పింఛనూ రాయితీలూ. అంటే సర్కారు ఖర్చుతో ఒక సైకాలజిస్టు మన పిల్లాడి ముందు కూచునే ఆ గంటసేపూ చాలామంది విషయంలో చికిత్సకు కాదు, గేటు దగ్గర టికెట్టు చూడడానికి.

అలాగని ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 1984లో సికింద్రాబాదు బోయినపల్లిలో కేంద్రం ఒక జాతీయ సంస్థను పెట్టింది. ఆ చోటుకు మనోవికాస్ నగర్ అని పేరు. అప్పట్లో దాని పేరులో ఉన్న 'మెంటల్లీ హ్యాండిక్యాప్డ్' అన్న మాట తరవాతి కాలంలో పోయి 'మేధో వైకల్యం' వచ్చింది. 1992లో పునరావాస మండలి చట్టం వచ్చి, క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిజిస్టరు కావాలన్నది. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను లెక్కపెట్టింది. అంధత్వం, మందదృష్టి, కుష్ఠు నయమైనవారు, వినికిడి లోపం, కదలికల లోపం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. ఆ జాబితాలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. ఆ ట్రస్టు 'నిరామయ' కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఇస్తుంది. ఒకే దేశం, రెండు చట్టాలు, రెండు జాబితాలు. మా అక్క కొడుకు ఒకదాంట్లో ఉన్నాడు, ఇంకోదాంట్లో లేడు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది దీని తరవాతి ఘట్టం. ఆటిజాన్ని కొలిచే భారతీయ స్కేలును తయారుచేసింది ఎక్కడో కాదు, ఆ మనోవికాస్ నగర్ సంస్థే. 2009లో బయటికొచ్చింది. అందులో నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. 70 కన్నా తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'సదరం' సాఫ్ట్‌వేరు తెచ్చింది. కొలబద్దా, దాన్ని ఎక్కించుకోవాల్సిన కంప్యూటరూ ఒకే నగరంలో తయారయ్యాయి. అయినా ఒకదానికొకటి ఎదురుపడలేదు.

సదరం మంచి పనే. చేత్తో రాసిచ్చే సర్టిఫికెట్ల కాలంలో శాతం ఎంతన్నది రాసేవారి మనసును బట్టి ఉండేది. ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చి, లెక్కను కంప్యూటరుకు అప్పగించడం ఆ రోజులకు పెద్ద అడుగు. కానీ దాని పట్టిక 1995 చట్టం చుట్టూ అల్లుకున్నది. ప్రోగ్రాము రాసినవాళ్లను నేను తప్పుపట్టలేను. చట్టం చెప్పని గడిని మేమెక్కడ గీస్తాం? కాకపోతే మా వృత్తిలో ఒక చేదు నిజం ఉంది. చట్టాన్ని మార్చడం కన్నా, ఒకసారి నాటుకున్న పట్టికను మార్చడం కష్టం. 2016 చట్టం వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచి ఆటిజాన్నీ, చదువులో ఎదురయ్యే ప్రత్యేక లోపాలనూ చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. తెలంగాణ సదరాన్ని వదిలి, 21 రకాలూ ఉన్న జాతీయ గుర్తింపు కార్డు యూడీఐడీకి మారింది మాత్రం 2025లో. మధ్యలో ఎనిమిదేళ్లు. ఒక పిల్లాడి బాల్యంలో అది సగం.

గేటు కథ ఇది. గేటుతో పని లేని దారి ఇంకోటి ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి బృందాలు రావాలి. ఎదుగుదలలో ఆలస్యం కనబడితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. అక్కడ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు ఉచితంగా చూడాలి. శాతంతో పని లేదు, పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. మా వాడు ప్రైవేటు బడిలో ఉండడంతో ఆ బృందం వాడిదాకా రాలేదు. ఉందని మాకు చెప్పినవారూ లేరు. ఇప్పుడు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో కౌన్సెలింగ్ దొరుకుతుంది. ఆ 'టెలీ మానస్' 2022లో వచ్చింది. పిల్లాడి కోసం కాకపోయినా, ఏళ్ల తరబడి నిద్రపోని తల్లి కోసమైనా వాడుకోదగ్గది.

మడికొండ కాళోజీ పెరిగిన ఊరు. జనం మాట్లాడే భాషలోనే జనం గురించి రాయాలన్న మనిషి. ఆయన పేరుతోనే ఇప్పుడు వరంగల్‌లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. ఆ ఊళ్లోనే 2020లో ఐటీ క్యాంపస్‌లు తెరిచారు. ఇన్ని ఉన్న ఊళ్లో మా అక్కకు తన కొడుకును గురించి చెప్పుకోవడానికి ఒక తెలుగు మాట లేదు. కాగితం ఇచ్చిన మాటే మిగిలింది. ఆ మాటనే బడివాళ్లు చదివారు, చుట్టాలు చదివారు.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు, కొత్త కార్డుకు అప్లై చేద్దాం అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ తప్పు మాట మీదనే పింఛను వచ్చింది. 2014లో 1,500, 2019లో 3,016, 2023 నుంచి 4,016 రూపాయలు. బావ పనికి పోలేని నెలల్లో ఇల్లు దాని మీదే నడిచింది. మళ్లీ పరీక్ష చేస్తే శాతం తగ్గుతుందేమో, తగ్గితే అదీ పోతుందేమో అని ఆమె భయం. "పేరు సక్కగ జేస్తే అన్నం పోతదా తమ్మీ?" అంది. పోదని గట్టిగా చెప్పగల ధైర్యం నాకు లేకపోయింది. ఇరవై ఒక్క గడులు గీసిన చట్టం ఈ ప్రశ్నకు కూడా ఒక గడి గీసి ఉండాల్సింది.

మేనల్లుడికి పద్దెనిమిదేళ్లు దగ్గరపడ్డాయి. బాల స్వాస్థ్య కార్యక్రమం అక్కడితో ఆగిపోతుంది. సంరక్షకుల కోసం నేషనల్ ట్రస్ట్ దగ్గరికి పోవాల్సిన వయసు మొదలవుతుంది. కవరులో ఉన్న పాత కాగితాన్ని తీసి వాడి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, కింద ఉన్న నంబరు ఒక్కటి గట్టిగా చదివాడు. "ఇది ఏ రైలు మామా?" అన్నాడు.