పశువుల పిడుదులు: రసాయనేతర నివారణ చరిత్ర

పశువులకు పట్టే పిడుదులను (గోమార్లను) రసాయనాలు లేకుండా వదిలించడం అనగానే వేపనూనె, సీతాఫలం గింజల కషాయం గుర్తొస్తాయి. ఉష్ణమండలంలో అన్నిటికన్నా ఎక్కువకాలం పనిచేసినది మాత్రం పైపూత కాదు, పశువుకే ఉన్న నిరోధశక్తి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అనుభవం ఇందుకు సాక్ష్యం. 1872లో జావా నుంచి డార్విన్‌లో దిగిన పశువులతో రైపిసెఫాలస్ పిడుదు ఆ ఖండానికి చేరింది. అది అంటించే బబీసియా జబ్బుతో ఎర్రమూత్రం పోసుకుని ఐరోపా జాతుల పశువులు పెద్దఎత్తున చచ్చాయి. 1895 నుంచి ఆర్సెనిక్ కలిపిన తొట్లలో పశువులను ముంచి తీశారు. 1930ల నాటికి పిడుదులు దానికి లొంగడం మానేశాయి. 1940లలో వచ్చిన డీడీటీ పదేళ్లు తిరిగేసరికి పదును కోల్పోయింది. తర్వాత వచ్చిన మందులు ఆర్గానోఫాస్ఫేట్లదీ, పైరెత్రాయిడ్లదీ అదే దారి. ఒక్కో ఆడ పిడుదు రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది మరి. మందును తట్టుకున్నవి కొన్ని మిగిలినా చాలు.

మందులు ఇలా ఓడిపోతుంటే నిలిచింది పశువు నిరోధశక్తే. 1933లో క్వీన్స్‌లాండ్‌వారు అమెరికా నుంచి మూపురమున్న బ్రాహ్మన్ పశువులను తెప్పించారు. వాటి పూర్వీకుల్లో మన ఒంగోలు జాతి ఉంది. ఐరోపా జాతి ఆవుపైకి ఎక్కిన పిడుదు పిల్లల్లో నూటికి పదిహేను, ఇరవై దాకా పెరిగి పెద్దవైతే, మూపురం జాతుల మీద ఒకటి రెండే మిగులుతాయి. చాలావరకు మొదటి రోజే చస్తాయి. మూపురం పశువు పాలు తక్కువ ఇస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఐరోపా, మూపురం జాతులను కలిపిన సంకరజాతిలోనూ ఒక ఆవుకీ మరో ఆవుకీ నిరోధశక్తిలో ఎంతో తేడా ఉంటుంది, అది సంతానానికీ వస్తుంది. కాబట్టి పాలను వదులుకోకుండానే ఎంపిక సాధ్యం.

మిగతా పద్ధతులు ఈ ఎంపికకు తోడు నిలిచేవే. బీడును కొన్ని నెలలు ఖాళీగా వదిలితే పిడుదు పిల్లలు ఆకలితో చస్తాయి. బీడు తక్కువైన చిన్నరైతుకు అది కుదరదు. 1990లలో ఆస్ట్రేలియా, క్యూబాల్లో వచ్చిన బీఎం86 టీకా, రక్తం తాగిన పిడుదు పేగును దెబ్బతీసి గుడ్లను తగ్గిస్తుంది. దాన్ని మళ్లీమళ్లీ వేయాలి, అంటుకున్న పిడుదు వెంటనే రాలదు. వేపలోని అజాడిరాక్టిన్, పిడుదులను చంపే మెటారైజియం బూజు రెండూ ఎండకు త్వరగా బలహీనపడతాయి. ఇవాళే రాలిపోవాలనే రైతుకు ఇవేవీ నచ్చకపోవచ్చు. అలాగని మందును పూర్తిగా మానేయనక్కర్లేదు, పిచికారీల సంఖ్య తగ్గినా లాభమే. మందలోని పిడుదుల్లో ఎక్కువ భాగం కొద్దిపాటి పశువుల మీదే ఉంటుంది; మంద నుంచి ముందుగా ఏరివేయాల్సింది ఆ పశువులనే.