కయాక్ : ఒక్కని పడవ, పలువురి విద్య

ఉత్తర ధ్రువమునకు చేరువనున్న గ్రీన్‌లాండు ద్వీపమున ఒక పడవ కలదు. అందులో ఒక్కడే కూర్చుండవలెను. రెండవవానికి చోటు లేదు. వేటగాడు నడుమువరకు దానిలో దూరి, కాళ్లు చాచి, తోలుచొక్కా అంచును పడవనోటి చుట్టునున్న కొయ్యవలయమునకు బిగించి ముడివేసికొనినచో, మనిషి యెక్కడ ముగిసెనో పడవ యెక్కడ మొదలయ్యెనో చెప్పుట కష్టము. ఐరోపావారు దానిని కయాక్ అనిరి. నేడు ప్రపంచమున పలు తీరములందు మిత్రులు జట్టులు కట్టి, చేపలకై కొందరు, వినోదమునకై కొందరు నడుపుచున్న ప్లాస్టిక్ కయాకులకును ఫైబర్ గ్లాసు కయాకులకును పెద్దతాత ఇట్టి తోలుపడవయే.

ఈ పడవను గూర్చి వ్రాసినవారిలో పలువురు దానిని ఏకాకి వీరుని వాహనముగ వర్ణించిరి. ఆ వర్ణన సగమే నిజమని మాకు తోచుచున్నది. కూర్చుండువాడు ఒక్కడే, కాని ఆ ఒక్కని కూర్చుండబెట్టుటకు ఒక కుటుంబము, సజీవముగ మరల ఒడ్డు చేర్చుటకు ఒక జట్టు కావలసియుండెను. కయాక్ చరిత్రను ఈ దృష్టితో ఒకసారి తిరుగవేసి చూతము.

పడవకు పనికివచ్చు చెట్టు ఆ దేశపు తీరమున పెరుగదు. సైబీరియా నదులు సముద్రమున పడవేసిన దుంగలు, మంచుగడ్డలతో కలసి ఏండ్ల తరబడి తేలియాడి గ్రీన్‌లాండు ఒడ్డున పడును. ఆ కొయ్యను చీల్చి ప్రక్కటెముకలవంటి చట్రము కట్టుదురు. కొలబద్ద మనిషి దేహమే. పొడవు సుమారు మూడు బారలు. వెడల్పు తుంటికి ఇరుప్రక్కల పిడికెడు చొప్పున చేర్చినంత. లోతు, పిడికిలి బిగించి బొటనవ్రేలు చాచినంత. కొలతలు ప్రాంతమునుబట్టి కొంత మారును గాని, ఒకని పడవ మరొకనికి చెప్పు మారినట్లే యుండునన్న మాట మాత్రము అంతటను నిజము. చట్రముపై సీలు తోలు కప్పుట స్త్రీల పని. స్నాయువును దారముగ పేని కుట్టుదురు. సూది తోలు మందములోనే నడచి పైకి రావలెను. ఆవలికి పొడుచుకొని పోయినచో ఆ రంధ్రమున నీరు కారును. పచ్చితోలు ఆరినకొలది మద్దెలమూతవలె బిగియును. ఆ కుట్టుపై మగని ప్రాణము, ఇంటిల్లిపాది తిండి ఆధారపడియుండెను.

శ్రోతలలో సముద్రతీరమున పెరిగినవారికి మన జాలరుల తెప్ప జ్ఞాపకము రావచ్చును. దుంగలను త్రాళ్లతో బిగించి కట్టిన ఆ తెప్పకును మేకుతో పని లేదు. కాని దాని ధర్మము వేరు. అల తెప్పమీదుగ, దుంగల సందులనుండి పోవును. మనిషి తడియును, తెప్ప మునుగదు. మన నీటిలో తడిసినవానికి ప్రాణాపాయము లేదు. గ్రీన్‌లాండు నీటిలో పడినవాని చేతులు కొద్ది నిమిషములలో కొయ్యబారును. అందుచేతనే అచ్చటివారు నీరు లోనికి రానియ్యని పడవను కనిపెట్టిరి; దానికి తోడు, తలక్రిందైనను బయటకు రాకుండ పడవతోపాటు లేచు విద్యనుకూడ కనిపెట్టవలసివచ్చెను.

ఆ విద్య చిన్ననాటనే మొదలగును. కుఱ్ఱవానికి పదిపండ్రెండేండ్లు వచ్చుసరికి తండ్రి వాని యొడలి కొలతకు చిన్న కయాక్ కట్టించి యిచ్చెడివాడు. ఒడ్డున భుజముల యెత్తున రెండు త్రాళ్లు బిగించి, వానిపై వ్రేలాడుచు, మెలికలు తిరుగుచు, నడుమునకును భుజములకును బలము తెచ్చుకొనుట ఒక అభ్యాసము. బల్లెము విసరుట మరియొకటి. తుదకు నీటిలో బోర్లపడి లేచుట. 1761–62 సంవత్సరములలో గ్రీన్‌లాండున నివసించిన మొరేవియన్ క్రైస్తవుడు డేవిడ్ క్రాంట్జ్, 1765లో ప్రకటించిన తన గ్రంథమున ఈ అభ్యాసములను పదిటిని ఒక్కొక్కటిగ వర్ణించెను. తెడ్డుతో లేచుట, తెడ్డు పడవత్రాళ్లలో చిక్కుకొనినప్పుడు లేచుట, తెడ్డు జారిపోయినచో బల్లెము విసరుటకుంచుకొనిన చిన్నకొయ్యతో లేచుట, అదియు లేనప్పుడు వట్టిచేతితో లేచుట. ఇన్ని విధములేలయని అడుగవచ్చును. సముద్రము మనిషిని ఏ భంగిమలో బోర్లవేయునో ముందుగ చెప్పదు గదా! బల్లెము తగిలిన సీలు వెనుకకు తిరిగినచో, దానిని కట్టిన త్రాడు చేతికో తెడ్డునకో చుట్టుకొనును. ఆ క్షణమున ఏ చేయి ఖాళీగనున్నదో ఆ చేతితోనే లేవవలెను.

అయినను ఈ విద్య అందరికిని పట్టుబడలేదు. పట్టుబడినవారుకూడ అలసినప్పుడు లేవలేకపోయిరి. పంతొమ్మిదవ శతాబ్దపు గ్రీన్‌లాండున మగవారి మరణములలో కయాక్ నుండి మునిగిపోవుటవలన కలిగినవి చాల హెచ్చు. కనుకనే తోడు ముఖ్యమయ్యెను. ప్రక్కనున్నవాడు తన పడవకొనను చేర్చినచో, బోర్లపడినవాడు నీటిలోనుండియే చేయి చాచి దానిని పట్టుకొని లేచును. ఇద్దరు పడవలను ప్రక్కప్రక్కన నిలిపి తెడ్లను రెంటిమీద అడ్డముగ వైచినచో, క్షణము క్రితము అటునిటు ఊగిన రెండు పుల్లలు కదలని వేదికయగును. అచ్చట నిలిచి చినిగిన తోలు సరిచేసికొనవచ్చును. గాయపడినవానికి ఊపిరి పీల్చుకొన వ్యవధి దొరకును.

తోడు విలువను ఇంతకన్న విచిత్రముగ తెలుపు విషయమొకటి కలదు. తుఫానుకు భయపడుట సహజము. కాని గ్రీన్‌లాండు వేటగాండ్రను పట్టిన ఒక భయము నిశ్చలమైన నీటిమీద పుట్టెడిది. ఎండ కాయుచుండును; గాలి యుండదు; సముద్రము అద్దమువలె నుండును. వేటగాడు సీలుకొరకు కదలక కనిపెట్టుకొనియుండును. ఉన్నట్టుండి పడవ యొక ప్రక్కకు ఒరిగినట్లు, కాళ్లు చల్లబడి నీరు లోనికి వచ్చుచున్నట్లు తోచును. తెడ్డు కదల్ప ధైర్యము చాలదు. డేనిష్ వైద్యులు ఈ వ్యాధిని గుర్తించి వ్రాసిరి. వారిలో ఆల్ఫ్రెడ్ బెర్టెల్సెన్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే దీనిని శ్రద్ధగ పరిశీలించెను. కొందరు గొప్ప వేటగాండ్రు దీని మూలమున వేట మానుకొనిరి. దీనికి మందేమి? కొంచెము గాలి వీచి నీరు చెదరుట. లేదా మరొక కయాక్ వచ్చి ప్రక్కన చేరుట. తోటివాని పడవ తాకినంతనే భయము విడిపోయెడిదని చెప్పుదురు. ఏ వైద్యశాలలోను దొరకని ఈ మందు మమ్ములను చాలసేపు ఆలోచింపజేసినది.

బయటివారిలో ఈ జీవితమును దగ్గరనుండి చూచి మెచ్చినవాడు నార్వే దేశీయుడు ఫ్రిడ్‌చోఫ్ నాన్సెన్. 1888లో అతడు ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండు మంచుపీఠభూమిని తూర్పునుండి పడమటికి దాటి, అక్టోబరులో గాడ్‌హాబ్ చేరెను. నేటి నూక్ నగరమే ఆ గాడ్‌హాబ్. స్వదేశమునకు పోవు ఆ యేటి చివరి ఓడ ఎంతో దూరమున దక్షిణమున ఇవిగ్టుట్ రేవునందుండెను. కయాక్‌వారు చలికాలపు సముద్రముమీద ఉత్తరములను మోసికొనిపోయి ఆ ఓడకందించిరి. ఓడ వీరికొరకు రాలేకపోయెను; ఉత్తరములు మాత్రము ఐరోపా చేరెను. నాన్సెన్ సాధించిన విజయము ప్రపంచమునకు తెలిసినది ఆ కయాక్‌వారి భుజబలమువలన. నాన్సెన్ పేరు ఎరుగనివారరుదు. ఆ కయాక్‌వారిని ఎరిగినవారెందరు?

ఓడ తప్పిపోవుటయే నాన్సెన్‌కు మేలయ్యెను. ఆ చలికాలమంతయు అతడు కయాక్ నేర్చుకొనెను. స్థానికులతో కలసి హాలిబట్ చేపల వేటకు పోయెను. హాలిబట్ సముద్రపుటడుగున బ్రతుకు పెద్దచేప. మనిషికన్న బరువైనదికూడ దొరకును. పొడవైన గాలపుత్రాడును అడుగువరకు విడిచి, చలికి మొద్దుబారిన చేతులతో దానిని లాగి, పైకి వచ్చిన చేప తలపై మోది చంపి, గాలి నింపిన తిత్తిని కట్టి, సన్నని పడవతో ఒడ్డునకు లాగికొనిపోవలెను. ఇట్టి పనిలో చేయందించుటకు తోడున్న మేలు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ అనుభవములను నాన్సెన్ 1891లో ప్రకటించిన పుస్తకమున వివరముగ వ్రాసెను. ఎనిమిదేండ్ల తరువాత ఆ విద్య అతనికి అక్కరకు వచ్చినది. ధ్రువప్రాంతమునుండి యోహాన్సెన్‌తో తిరిగివచ్చుచు, 1896 జూన్ 12న, జంటగ కట్టిన తమ రెండు కయాకులు త్రాడు వదలి కొట్టుకొనిపోవుట చూచి, అతడు మంచునీటిలో దూకి ఈది వానిని పట్టెను. తిండి, తుపాకులు, సర్వము వానిలోనే యుండెను.

ఇంతలో ఇంగ్లండున కయాక్ ఒక వినోదముగ మారుచుండెను. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ తన చిన్న కొయ్యపడవలో ఐరోపా నదులు తిరిగి మరుసటియేడు పుస్తకము వ్రాయగా, ఆ వేడుక వ్యాపించెను. కాని బోర్లపడి లేచు విద్య ఐరోపావారికి చాలకాలము చేతకాలేదు. 1927లో ఎడి పావ్‌లాటా అను ఆస్ట్రియా దేశీయుడు పుస్తకములు చదివి, ఒక సరస్సులో తానే సాధనచేసి ఆ విద్య సాధించెను. క్రాంట్జ్ గ్రంథము అచ్చయి అప్పటికి నూటయరువదేండ్లు దాటినది!

ఇక గినో వాట్కిన్స్ కథ. ఇరువదిమూడేండ్ల ఈ కేంబ్రిడ్జి విద్యార్థి 1930 వేసవిలో, పదునలుగురు సభ్యుల బృందమునకు నాయకుడై, క్వెస్ట్ అను ఓడలో తూర్పు గ్రీన్‌లాండు చేరెను. ఇంగ్లండునుండి కెనడాకు విమానమార్గము సాధ్యమగునా యని అచ్చటి వాతావరణమును, భూమిని పరీక్షించుట వారి పని. ఆంగ్మాగ్సాలిక్ ప్రాంతపు ప్రజలు ఆ యువకులలో కొందరికి వారివారి కొలతలకు కయాకులు కట్టి యిచ్చిరి, నడుపుట నేర్పిరి, బల్లెము విసరుట నేర్పిరి. శీతలజలమున బోర్లపడుచు లేచుచు, వాట్కిన్స్ వట్టిచేతితో లేవగల దశకు వచ్చెను. ఆ విద్య కేవలము వినోదముగ నుండలేదు. వేటాడి తినగలిగినచో ఓడనిండ తిండి మోయనక్కరలేదని అతడు గ్రహించెను. 1931లో కోర్టాల్డ్, లెమన్ అను మిత్రులతో చిన్న పడవలలో దక్షిణ తీరము చుట్టి ఆరువందల మైళ్లు పోయినప్పుడు కయాకులు వెంటనుండెను.

మరుసటియేడు మరల వచ్చినప్పుడు వారు నలుగురే: వాట్కిన్స్, రైమిల్, చాప్‌మన్, రైలీ. ఆర్థికమాంద్యపు రోజులు, నిధులు కొద్ది. ఆంగ్మాగ్సాలిక్‌నకు ఉత్తరమున లేక్ ఫియోర్డ్ అనుచోట విడిదిచేసి, తిండికి చాలవరకు వేటనే నమ్ముకొనిరి. 1932 ఆగస్టు 20 ఉదయమున వాట్కిన్స్ సీలు వేటకు తన కయాక్‌లో ఒంటరిగ బయలుదేరెను. ఆనాడు తక్కిన ముగ్గురికి వేరు పనులుండెను. మధ్యాహ్నము మోటారుపడవలో పోవుచున్న రైమిల్, చాప్‌మన్‌లకు అతని కయాక్ నీటితో నిండి తేలుచు కనిపించినది. సమీపమున ఒక మంచుగడ్డమీద అతని లాగు, నడుముపట్టీ దొరకినవి. దేహము దొరకలేదు. హిమనదీముఖము విరిగిపడి లేచిన అల కారణమో, సీలు కారణమో, చూచినవారు లేరు. అతనికి ఇరువదియైదేండ్లు.

ఆంగ్లేయులు అతనిని వీరునిగ కీర్తించిరి. బృందములోనివాడైన స్కాట్ 1935లో జీవితచరిత్ర వ్రాసెను. ఆ కీర్తి అపాత్రమని మేము చెప్పము. ఆ వయస్సున అంత నేర్చినవారు కొద్దిమంది. కాని అతడు ఆ ప్రజలనుండి పడవను గ్రహించెను, బల్లెమును గ్రహించెను, లేచు విద్యను గ్రహించెను. ప్రక్కన మరొక పడవ యుండవలెనను పాత నియమము మాత్రము ఆనాడు అతని విడిదిలో అమలుజరుగలేదు. నలుగురిలో ఒక్కొక్కనికి ఒక్కొక్క పనియున్నచోట అట్టి నియమమును పాటించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. మిగిలిన ముగ్గురు వెనుకకు పోలేదు. రైమిల్ నాయకుడయ్యెను. మిత్రుని మ్రింగిన సముద్రముమీదనే వేటాడుచు ఆ చలికాలము గడపి, పని ముగించి, 1933లో ఇంగ్లండు చేరిరి. తరువాత 1934 నుండి 1937 వరకు రైమిల్ అంటార్కిటికాలోని గ్రాహమ్ లాండుకు బృందమును నడిపెను, రైలీయు వెంటనుండెను. చాప్‌మన్ 1937లో మన హిమాలయములకు వచ్చి చోమోల్హరి శిఖరమెక్కెను.

గ్రీన్‌లాండులో మాత్రము కయాక్ వెనుకబడుచుండెను. 1920 ప్రాంతమునుండి నైరుతి తీరమున సముద్రము కొంత వేడెక్కి సీళ్లు తగ్గినవి, కాడ్ చేపలు పెరిగినవి. కాడ్ పట్టుటకు పెద్దపడవలు, పిదప మోటారుపడవలు వచ్చినవి. తండ్రి కొడుకునకు కయాక్ కట్టించు అవసరము పోయినది. కొంతకాలమునకు బోర్లపడి లేచుట తెలిసినవారు ముసలివారే మిగిలిరి. 1979లో ఆ దేశమునకు స్వపరిపాలన వచ్చిన తరువాత, 1980 దశకమున, యువకులు పూనుకొని కయాక్ సంఘములను స్థాపించి, ఆ ముసలివారిని పిలిచి నేర్చుకొనిరి. కొద్దిగ ఆలస్యమైనచో నేర్పువారే యుండెడివారు కారు. ఏటేట జరుగు జాతీయ పోటీలలో పరుగుపందెములు, బల్లెము విసరుట, త్రాళ్లమీది అభ్యాసములు, బోర్లపడి లేచు విధములు ఉండును. క్రాంట్జ్ పది చెప్పెను. నేటి పట్టికలో ముప్పదికి పైగనున్నవి. అందులో ఒకటి చేతిలో బరువైన రాయి పట్టుకొని లేచుట. పూర్వము తోలు కుట్టిన స్త్రీలు నేడు ఆ పోటీలలో తామే పడవలు నడుపుచున్నారు. పడవల కప్పు మాత్రము ఇప్పుడు చాలవరకు కాన్వాసు గుడ్డయే.