ప్రిన్సు ఎడ్వర్డు దీవి: దున్నినవారును భూస్వాములును

కెనడా దేశపు తూర్పుతీరమున ప్రిన్సు ఎడ్వర్డు దీవి కలదు. ఆ దేశపు రాష్ట్రములలో నిదియే మిక్కిలి చిన్నది. వైశాల్యము సుమారు 5,660 చదరపు కిలోమీటర్లు. బొగ్గుగనులు లేవు. ఇనుప తుప్పుచే నెఱ్ఱబాఱిన నేలయు, చుట్టునుగల సముద్రమునే దాని సంపద.

ఆ నేలలో సున్నపుపాలు తక్కువ. పందొమ్మిదవ శతాబ్దిలో రైతులు దీనికొక యుపాయము కనుగొనిరి. చలికాలమున సముద్రపుపాయలు గడ్డకట్టగా, మంచునకు రంధ్రముచేసి, గుఱ్ఱములు త్రిప్పు యంత్రముతో అడుగున పేరుకొనిన ఆలిచిప్పల బురదను పైకిఁదీసి, మంచుపై జాఱు బండ్లలో పొలములకుఁ జేర్చిరి. చిప్పల సున్నము నేలలోఁ గలసి యెండుగడ్డి దిగుబడి మిక్కిలి పెరిగెను.

ఇంత శ్రమించినవారిలో పెక్కుమందికి ఆ నేల సొంతము కాదు. 1767లో బ్రిటిషు ప్రభుత్వము దీవిని 67 భాగములుచేసి, భాగమొక్కంటికి సుమారు 20,000 ఎకరముల చొప్పున, దాదాపు అన్నింటిని లండనులో చీట్లువేసి పలుకుబడి గలవారికిఁ బంచిపెట్టెను. కాపురస్థులను నిలుపవలెననియు, పన్ను కట్టవలెననియు నియమములుండెను. పెక్కుమంది భూస్వాములు వానిని పాటింపనేలేదు. అయినను, దీవి మొగమైనఁ జూడని దొరకు అడవి నఱికి పొలముచేసిన రైతు కౌలు చెల్లింపవలెనఁట! 1864లో రైతులు సంఘముగాఁ గూడి కౌలు నిరాకరించిరి. 1865లో ప్రభుత్వము సైనికులను రప్పించెను.

1873లో దీవి కెనడా సమాఖ్యలోఁ జేరుటకు రైలుదారి యప్పు ఒక కారణము. భూములు కొనుటకు లభించిన 8 లక్షల డాలర్ల సహాయము మఱియొకటి. 1875 నాటి చట్టముచే భూస్వాములకు విక్రయింపక తప్పలేదు.

నేడు బంగాళాదుంపయే అచటి ముఖ్యమైన పంట. 1982 నాటి చట్టము వ్యక్తికి 1,000 ఎకరములకును, వ్యాపారసంఘమునకు 3,000 ఎకరములకును మించి భూమి యుండరాదని నిర్ణయించినది.