రంగదీప నియంత్రణ పీఠము: పరిణామ చరిత్ర

మన నాటకచరిత్రలను విప్పి చూచినచో కవి కనబడును, నటుడు కనబడును, సమాజమును పోషించిన ధనికుడు కనబడును. హార్మోనియము వాయించినవానికిని ఒకటి రెండు వాక్యములు దక్కును. దీపము పట్టినవాడు మాత్రము కనబడడు. భాగవతుల మేళములో పాత్ర తెరవెడలు సమయమున దివిటీపై గుగ్గిలపుపొడి చల్లి మంటను ఒక్కపెట్టున పైకి లేపినవాడే మన రంగమునకు తొలి దీపనియంత. సత్యభామకు జడ యెంత ముఖ్యమో ఆ మంటయు నంత ముఖ్యము. ఆ పొడి చల్లవలసిన క్షణమును ఏ లక్షణగ్రంథమును చెప్పదు. అది వాని చేతికి తెలియును.

ఆ చేయి దీపమునకు క్రమముగా దూరమై, నేడు బల్లమీద ఇముడునంతటి చిన్న పీఠముకడకు ఎట్లు చేరినదో ఈ వ్యాసమున విచారింపదలచితిమి. రంగదీపము లన్నింటిని ఒకచోట కూర్చుండి పెంచుటకును తగ్గించుటకును వలయు మీటలుగల ఈ పీఠమునకు 'కన్సోల్' అని వాడుక. దీని కథ ముఖ్యముగా ఐరోపా, అమెరికా రంగములది. అయినను ఆ కథలోని ప్రశ్నలు కొన్ని మన పద్యనాటకమునకు సన్నిహితములుగా ఉన్నవి.

దీపమును ఆర్పకయే వెలుగును తగ్గించుట మొదటి సమస్య. ఇటలీదేశపు శిల్పి నికొలా సబ్బత్తినీ 1638 లో ముద్రితమైన తన రంగశిల్పగ్రంథమున దీనికొక ఉపాయము చెప్పినాడు. ప్రతి దీపముపైనను ఒక రేకుగొట్టమును త్రాటితో వ్రేలాడదీయవలెను. త్రాళ్ళు వదలినచో గొట్టములు దిగి దీపములను కప్పును, రంగము చీకటియగును. లాగినచో మరల వెలుగు వచ్చును. దీపముకడకు పోకుండ దూరమునుండియే వెలుగును ఏలుట అను భావము ఇందే ఉన్నది. తరువాతి మూడువందల యేండ్లు మారినది త్రాడే.

1817 లో లండనునగరపు డ్రూరీలేన్ మొదలగు నాటకశాలలలో గ్యాసుదీపములు వెలసినవి. గొట్టము లన్నియు ఒకచోటికి తెచ్చి, అచట మరలు అమర్చి, ఒక మనుష్యుడు వానిని త్రిప్పునట్లు ఏర్పాటు జరిగినది. దీనిని 'గ్యాసుబల్ల' అనిరి. నిలువుగా బారులు తీరిన ఆ గొట్టములను చూచి ఫ్రెంచివారు దానికి ఆర్గన్ వాద్యపు పేరు పెట్టిరి. నేటికిని ఆ భాషలో దీపనియంత్రణ పీఠమునకు 'జ్యూ దోర్గ్' అనియే వ్యవహారము. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకొనవలెను. రూపసామ్యమువలన పుట్టిన పేరు ఇంచుమించు ఒక శతాబ్దమునకు పిమ్మట నిజమైన వాద్యముగనే మారినది.

1881 అక్టోబరు 10 న లండనులో సవాయ్ నాటకశాల తెరువబడినది. దాని ప్రేక్షకశాల నాడే విద్యుద్దీపములతో వెలిగినను, రంగస్థలము వెలుగుటకు డిసెంబరు 28 వరకు ఆగవలసివచ్చెను. దీపములు సుమారు 1200. అగ్నిభయము తగ్గినది, గాలి చల్లబడినది. కాని అందరును సంతసింపలేదు. లైసియం నాటకశాలను నడపిన మహానటుడు హెన్రీ ఇర్వింగ్ గ్యాసువెలుగులోని మార్దవమును విడువ నిష్టపడలేదు. ప్రేక్షకశాలను చీకటిచేసి రంగమును మాత్రమే వెలిగించుట, దీపములకు ప్రత్యేకముగా అభ్యాసములు జరుపుట ఇతడు శ్రద్ధతో సాగించిన పద్ధతులు. పాతదీపమును ప్రేమించినవానినుండి క్రొత్తకళ పుట్టుట చిత్రముగా తోచవచ్చును. మాకు మాత్రము అది సహజమే అనిపించుచున్నది.

విద్యుత్తును తగ్గించు సాధనమునకు 'డిమ్మర్' అని పేరు. తొలినాటి డిమ్మర్ లోహపుతీగల చుట్టలో కొంత విద్యుత్తును వేడిమిగా వ్యర్థపరచి, మిగిలినదానిని దీపమునకు అందించెడిది. ఇంకను చౌకయైనది ఉప్పునీటి కుండ. నీటిలో ఒక లోహఫలకము స్థిరముగా ఉండును, మరియొకటి దానివైపు దిగుచుండును. రెండును దగ్గరపడినకొలది దీపము ప్రకాశించును. తీగచుట్టతో ఒక చిక్కు కలదు. వేయి వాట్ల దీపమునకు సరిపడు డిమ్మరుతో ఐదువందల వాట్ల దీపమును పూర్తిగా ఆర్పుట సాధ్యముకాదు. అందుచే ప్రేక్షకులకు కనబడనిచోట మరియొక దీపమును కలిపి వెలిగించి, భారమును సరిచేయవలసివచ్చెడిది. తెరవెనుక ఎవ్వరికొరకును గాక వెలిగిన ఆ దీపములను నాటకచరిత్రకారు లెవ్వరును లెక్కింపలేదు.

ఇట్టి డిమ్మరులను వరుసలుగా పేర్చి, వాని పిడులను పొడవైన ఇరుసులకు తగిలించి, అన్నిటిని ఒకే పెద్దచక్రముతో త్రిప్పు యంత్రమునకు ఇంగ్లండున 'గ్రాండ్ మాస్టర్' అని పేరు. దానిని నడపువాడు రెండుచేతులతో రెండుపిడులు పట్టి, మోకాలితో మరియొకదానిని నొక్కి పనిచేయుచుండెను. యంత్రము ఒక గోడయంత. సాధారణముగా అది రంగస్థలపు ప్రక్కన, ఎత్తైన అట్టకమీద ఉండెడిది. కావున దీపములను నడపువానికి ఆ దీపములు రంగముపై ఏమి చేయుచున్నవో సరిగా కనబడదు. ఈ వైపరీత్యము దశాబ్దములు సాగినది.

దీనిని సహింపలేని యువకుడు ఫ్రెడరిక్ బెంథమ్. ఇతడు 1911 లో జన్మించి, 1932 లో స్ట్రాండ్ ఎలక్ట్రిక్ అను సంస్థలో చేరెను. 1935 లో ఇతడు ప్రదర్శించిన 'లైట్ కన్సోల్' నిజముగా ఒక ఆర్గన్ పీఠమే. కాంప్టన్ అను ఆర్గన్ నిర్మాతల పీఠమును తెచ్చి, మెట్లకు స్వరములకు బదులు దీపములను కలిపినాడు. బరువైన డిమ్మరులు ఎక్కడనో క్రిందిగదిలో ఉండును. మోటారు త్రిప్పు ఇరుసునకు ఏ డిమ్మరు అంటుకొనవలెనో విద్యుదయస్కాంతము నిర్ణయించును. మెట్టు నొక్కినచో ఆ దీపము కదలును, పాదముక్రింది పీట నొక్కినకొలది వేగము మారును. గోడయంత యంత్రమును నడిపిన పని ఒక మనుష్యుని చేతికందు పీఠములో ఇమిడినది. అంతకంటె ముఖ్యము, ఆ మనుష్యుడు ప్రేక్షకశాల వెనుక కూర్చుండి రంగమును చూడగలిగినాడు.

మన పద్యనాటకములందు హార్మోనిస్టు చేయుపని ఇట్టిదే. నటుడు తనకు కనబడునట్లు అతడు కూర్చుండును. నటుడు రాగమును ఎంత సాగదీసినను, ఎక్కడ విరిచినను, అతని వ్రేళ్ళు వెంటబోవును. నటుని శ్రుతికి హార్మోనిస్టు ఎట్లో, నటుని కదలికకు దీపకుడు అట్లే కావలెనని బెంథమ్ కోరిక అని మేము తలచుచున్నాము. ఆయన ఆ పీఠముతో సంగీతమునకు రంగులవెలుగులను తోడుచేసి ప్రదర్శనలు కూడ ఇచ్చెను. 1940 లో లిస్బనునగరపు సాన్ కార్లూస్ నాటకశాలలోను, 1950 లో డ్రూరీలేనులోను ఇది నెలకొల్పబడినది. అయినను కొలదిచోట్ల తప్ప ఇది వ్యాపింపలేదు. దీనికి ధర యొక్కటే కారణముకాదు. దీపము ఏ మట్టమున నిలిచినదో కంటితో చూచి మెట్టు విడువవలెను. నిన్న నిలిచినచోటనే నేడును నిలుచునని హామీ లేదు. వాద్యమునకు విద్వాంసుడు కావలెను, నాటకశాలలకు కావలసినది నమ్మదగిన పనివాడు. బెంథమ్ ఓడినది ఇక్కడ. ఆయన ఆలోచనమాత్రము ఓడలేదు.

మరియొక మార్గమును అమెరికాలో జార్జి ఐజనోర్ త్రొక్కెను. యేల్ విశ్వవిద్యాలయమున 1947 ప్రాంతమున ఇతడు ఎలక్ట్రానిక్ గొట్టములతో డిమ్మరును నిర్మించెను. దీనిని నడపుటకు సన్నని విద్యుత్సంకేతము చాలును, కావున మీట వ్రేలియంత చిన్నదైనది. రాబోవు దృశ్యమునకు వలయు మట్టములను ముందుగనే మరియొక వరుసలో అమర్చుకొని, సమయమునకు ఒక్కమీటతో పాతవరుసనుండి క్రొత్తవరుసకు మారుట ఇతని పద్ధతి. తరువాత 1950 దశకపు చివర వచ్చిన థైరిస్టరు ఈ పనినే చిన్న అర్ధవాహకముతో సాధించినది. సెకనునకు యాబదిమారులు మారు విద్యుత్తులో ప్రతి అర్ధావృత్తమునందును కొంతభాగమును కోసివేయుట దాని రహస్యము.

కాని చిక్కు తీరలేదు, చోటు మారినది. నూరుదీపములకు పదివరుసలు అమర్చినచో వేయిమీటలు కావలెను. డిమ్మరు చిన్నదైనకొలది పీఠము పెద్దదైనది. ప్రతి రెండుదృశ్యముల నడుమ ఒక సహాయకుడు కాగితము చూచుచు వందల మీటలను సర్దవలసివచ్చెడిది. పీఠమును నిజముగా కుదించినది జ్ఞాపకశక్తిగల యంత్రము. 1960 దశకపు రెండవభాగమున బ్రిటిషు టెలివిజను శాలలకై థారన్ సంస్థ 'క్యూ ఫైల్' అను పీఠమును తయారుచేసినది. దీపమునకొక మీట అను నియమము ఇందు తొలగినది. సంఖ్యతో పిలిచిన దీపము ఒకే మీటకు వచ్చి చేరును, దాని మట్టము యంత్రమున నిలిచియుండును.

1975 జూలై 25 న న్యూయార్కు బ్రాడ్వేలోని షూబర్ట్ నాటకశాలలో 'ఎ కోరస్ లైన్' అను సంగీతనాటకము ఆరంభమయ్యెను. దర్శకుడు మైకేల్ బెన్నెట్, దీపశిల్పమునకు థారన్ మస్సర్ అను విదుషీమణి. అంతవరకు బ్రాడ్వేయందు నిలువు పియానోలవలె కనబడు పెట్టెలలో తీగచుట్ట డిమ్మరులను తెచ్చి, పలువురు పనివారు చేతులతో నడపెడివారు. మస్సర్ ఈ నాటకమునకు 'ఎల్.ఎస్. 8' అను జ్ఞాపకయంత్రమును కోరి సాధించినది. బ్రాడ్వేకు ఇదియే ఇట్టివానిలో మొదటిది. ఈ నాటకము 1990 వరకు 6137 మారులు ప్రదర్శింపబడెను. తొలిరాత్రి వెలుగును ఆ తరువాతి వేలరాత్రులందు తిరిగి చూపగలుగుట బెంథమ్ వాద్యమునకు అందని ఫలము.

ఇక 1986 లో అమెరికా రంగసాంకేతిక సంస్థ నిర్ణయించిన డి.ఎం.ఎక్స్. 512 అను సంకేతభాష గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును. ఒక సంస్థ పీఠము మరియొక సంస్థ డిమ్మరుతో మాటాడుటకు ఇది వీలుకల్పించినది. ఒక తీగపై 512 సంఖ్యలు వరుసగా పోవును, ఒక్కొక్క సంఖ్య సున్న మొదలు 255 వరకు ఉండవచ్చును. నాడు దీపమున కొక సంఖ్య చాలును గనుక 512 సముద్రముగా తోచియుండును. తనంతట తిరిగి, రంగుమారు దీపములు 1981 లో వారీలైట్ సంస్థవలన వచ్చినవి. అట్టి దీపమొక్కటి ఇరువదినాలుగు సంఖ్యలను కోరినచో ఇరువదియొక దీపముతోనే తీగ నిండును. అందుచే నేటి చిన్న పీఠమున జారుమీటలు కొలదిగా, త్రిప్పుచక్రములు కొన్ని, ఒక తెర ఉండుట సామాన్యమైనది. బరువు ఒక మనిషి మోయదగినంత. దీని వెనుక డిమ్మరులు కూడ తగ్గిపోవుచున్నవి, ఎల్.ఈ.డి. దీపము తన వెలుగును తానే తగ్గించుకొనును.

ఈ పీఠము మన పద్యనాటకమునకు వచ్చినపుడు కలుగు ఇబ్బందిని పాశ్చాత్యగ్రంథములు చెప్పవు. యంత్రమున ప్రతి మార్పునకును కాలము సెకనులలో వ్రాయబడును. రంగము నీలివెలుగునకు మారుటకు పండ్రెండు సెకనులని వ్రాసితి మనుకొందము. కాని కాటిసీనున హరిశ్చంద్రుడు ఒక పద్యము చివర రాగమును నేడు ఇరువది సెకనులు సాగదీయవచ్చును, రేపు నలువది. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అన్నచో పద్యము మొదటికి పోవును. యంత్రము మాత్రము తరువాతి దృశ్యమునకు సిద్ధముగా నిలిచియుండును. మీట నొక్కువాడు మనిషియే కాబట్టి ఎప్పుడు మొదలిడవలెనో వాని చేతిలో ఉన్నది. మొదలిడిన పిమ్మట ఎంతకాలమో వాని చేతిలో లేదు. మంచి పీఠములలో నడుమ ఆపుటకును, చేతితో నడపుటకును వీలున్నది. ఆ వీలును మన దీపకులు నేర్చి వాడవలెను. పద్యనాటకమునకు కాలనియమముగల మార్పులకంటె చేతిమీటయే తగినదని మా అభిప్రాయము. ఇచట బెంథమ్ మరల మనకు దగ్గరవాడగును.

స్వల్పసాధనములతో ఏమి చేయవచ్చునో కలకత్తాలో తాపస్ సేన్ (1924–2006) చూపియుండెను. ఉత్పల్ దత్ మినర్వా నాటకశాలలో 1959 చివర ప్రదర్శించిన 'అంగార్' నాటకమున బొగ్గుగనిలోనికి నీరుచొచ్చు దృశ్యమును ఆయన వెలుగుతోనే కల్పించెను. అట్లని పీఠము అనవసరమనుట సరికాదు. ఆయన చేయి ఆయనతో పోయినది, యంత్రమున నిలిపిన దృశ్యము కొంతకాలమైనను నిలుచును.

కొంతకాలమే అనుటకు కారణమున్నది. జ్ఞాపకయంత్రములు తమ లెక్కలను అయస్కాంతపు ఫలకలపై దాచినవి. ఆ ఫలకలు చదువు యంత్రములు అరుదైనవి. ఒక సంస్థవారి లెక్క మరియొక సంస్థ యంత్రమునకు అర్థముకాదు. కాగితముపై చేతితో వ్రాసిన దీపపట్టిక మాత్రము నేటికిని ఎవ్వరైనను చదువవచ్చును. మన పరిశోధక విద్యార్థులు నాటకసమాజముల ప్రాంప్టింగు ప్రతులను సంపాదించి పాఠభేదములు గుర్తించుచున్నారు, సంతోషమే. అట్టి ప్రతులలో పద్యపాదము ప్రక్కన అంచున 'ఎరుపు', 'మెల్లగా', 'చీకటి' అని పెన్సిలుతో వ్రాసిన మాటలు కనబడినచో, వానిని పాఠమునకు చెందనివిగా విడువక, ఏ అక్షరమునకు ఎదురుగా ఉన్నవో ఆ అక్షరమునకు ఎదురుగనే ఎత్తి వ్రాసికొనవలెను.