భూసంధానిత వాహకతల సమీపమున ఆవేశకణ చలనము

విద్యుదావేశము గల కణమొకటి భూమితో సంధానింపబడిన లోహతలమునకు చేరువగా నున్నపుడు, ఆ తలముపై విజాతీయావేశము ప్రేరితమై, కణమును తనవైపునకు లాగును. షోలాపురము తూర్పుపేటలలో, తెలంగాణమునుండి తరలివెళ్లి తరతరములుగా దుప్పట్లు నేయుచున్న పద్మశాలీల సాంచాల కార్ఖానాలయందు దీనిని చూడవచ్చును. వేసవిలో గాలి తేమ కోల్పోయినపుడు, పన్నె పళ్లనడుమ ఒరసికొను పడుగుపోగులు ఆవేశమును పొందును; వానినుండి లేచిన నూలునలుసు సాంచా ఇనుపచట్రమును సమీపించి, చివరి రెండు మూడు మిల్లీమీటర్ల దూరమున హఠాత్తుగా దానికి అంటుకొనును.

ఈ శాస్త్రచరిత్రకును దారమే ఆరంభము. 1729లో ఇంగ్లండున స్టీఫెన్ గ్రే, పట్టుదారములపై మోపిన నారత్రాటివెంట విద్యుత్తు బహుదూరము పయనించుననియు, పట్టునకు బదులు లోహపుతీగను ఊతగా నుంచినచో అది జారిపోవుననియు కనుగొని, వాహకావాహక భేదమునకు పునాది వేసెను. 1785లో కూలుంబు, ఆవేశములనడుమ బలము దూరవర్గమునకు విలోమానుపాతమున నుండునని కొలిచి చూపెను. అయినను తలముపై పరచుకొన్న ప్రేరితావేశము చోటుచోటునకు మారునది గావున, దాని ఆకర్షణను గణించుట దుష్కరముగ నుండెను. ఆ చిక్కు విడదీసినవాడు విలియం థామ్సన్. పాతికేండ్లు నిండకమునుపే, 1840 దశకమున, ఆయన తలమునకు వెనుక, కణమెంత దూరమున నున్నదో అంతే దూరమున, సమానమైన విజాతీయ ప్రతిబింబావేశమును భావించినచో, తలమునకు ముందరి క్షేత్రమంతయు యథాతథముగ లభించునని చూపెను. ఇంత స్వల్పసాధనముతో ఇంత ఫలము నొసగిన యుక్తులు భౌతికశాస్త్రమున అరుదు. 1873లో మాక్స్‌వెల్ తన విద్యుదయస్కాంత గ్రంథమున దీనికొక అధ్యాయమునే కేటాయించెను. 1914లో షాట్కీ, వేడిలోహమును వీడు ఎలక్ట్రాన్లకు ఇదే ప్రతిబింబబలమును అన్వయించెను.

కణము కదలిన కొలది ప్రతిబింబమును ఎదురుగా కదలును. 4 మైక్రోగ్రాముల నలుసుపై 10 పికోకూలుంబుల ఆవేశమున్నదనుకొందము: చట్రమునకు 1 సెంటీమీటరు దూరమున ఆకర్షణ నలుసు బరువులో 17వ వంతు మాత్రమే, 1 మిల్లీమీటరు దూరమున అది బరువునకు 5 రెట్లు మించును. శూన్యమున నిశ్చలస్థితినుండి విడిచిన కణము తలమును చేరు కాలము దూరఘనముయొక్క వర్గమూలము ననుసరించి పెరుగును. గ్రహగతులకు కెప్లరు చెప్పిన నియమమే ఇచట మరల ఎదురగుట ఆశ్చర్యావహము. కార్ఖానాలో వాయునిరోధము ప్రబలము గావున, నిశ్చలమైన గాలిలో నలుసు వేగము బలమునకు అనులోమమై, దూరము రెట్టింపైనచో కాలము 8 రెట్లగును. నూలుపై తేమ నిలిచినచో ఆవేశము పోగువెంటనే జారిపోవును గనుక, మిల్లులలో గాలిని తడిపెడు యంత్రములను అమర్చుదురు. చిన్న కార్ఖానాలలో నేలపై నీరు చల్లినను కొంత ఫలముండును.