లేడీస్ సైకిల్ (కృష్ణా డెల్టా)

సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య అడ్డ కడ్డీ లేకుండా, ఫ్రేము కిందికి వంగి ఉండే సైకిల్‌ను లేడీస్ సైకిల్ అంటారు. చీర, లంగా, చుడీదార్, ఏది కట్టుకున్నా కాలు వెనక్కి తిప్పే పని లేకుండా ముందు నుంచే ఎక్కేయొచ్చు. వంపు ఫ్రేము, నిండు మడ్‌గార్డులు, వెనక్కి ఒంగిన హ్యాండిల్, ముందు బుట్ట ఉన్న సైకిళ్లను ఇప్పుడు వింటేజ్ అని అమ్ముతున్నారు. విజయవాడ ఆడవాళ్లకు ఇవేవీ కొత్త కాదు. కొనేవారు ముందుగా చూడాల్సింది ఈ భాగాలు షోకు కోసం తగిలించారా, పని చేస్తాయా అన్నదే.

పుట్టుక

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చిన రోవర్ నేటి సైకిళ్లకు మూలం. పొడవాటి గౌన్లు వేసుకునే స్త్రీల కోసం తర్వాతి కొన్నేళ్లలోనే దాని అడ్డ కడ్డీ కిందికి దించారు. మన దేశంలో మురుగప్ప గ్రూపు బ్రిటన్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి 1949లో మద్రాసు దగ్గర టీఐ సైకిల్స్ స్థాపించింది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో వచ్చాయి. టీఐ వారి బీఎస్ఏ లేడీబర్డ్ ఆంధ్ర పట్టణాల్లో ఒక తరం ఆడపిల్లల ట్యూషన్ బండి. ఆ బీఎస్ఏ అనే మూడక్షరాలు బర్మింగ్‌హామ్‌లోని ఒక తుపాకుల కంపెనీవని వాళ్లలో ఎంతమందికి తెలుసో! 2019కి ముందు రాష్ట్ర ప్రభుత్వం బడికొస్తా పథకం కింద సర్కారు బడుల్లో చదివే బాలికలకు సైకిళ్లు ఇచ్చింది. డెల్టా పల్లెల్లో లేడీస్ సైకిల్ అప్పుడు మరింత మామూలైంది.

డెల్టాకు నప్పేది

ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల పక్కలు వదిలేస్తే విజయవాడంతా చదునే. ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లూ అంతే. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కిలోమీటరు దాటి పొడవున్నా ఎక్కడా ఎత్తు ఎక్కక్కర్లేదు. సాయంత్రం సరదాగా తిరిగే మనిషికి గేర్లతో పనేముంది? ముందు పళ్ల చక్రానికి 44, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లుంటే 26 అంగుళాల బండి ఒక చుట్టు తొక్కుకు దాదాపు 5 మీటర్లు కదులుతుంది. ఫ్లైఓవర్ ఎక్కాల్సి వస్తే దిగి నడిపించడమే. తక్కువ ధరలో వచ్చే గేర్ల సైకిల్ కన్నా అదే డబ్బుకు గేర్లు లేని సైకిల్ మేలు. గేరు తీగలు, డిరైలర్ల మీద పోయే ఖర్చు చక్రాల మీద పెట్టినట్టవుతుంది.

డబ్బు పెట్టదగ్గ భాగం చైన్ కవరు. పై అంచును మాత్రమే కప్పే ప్లాస్టిక్ రేకు చాలా కొత్త మోడళ్లలో కనిపిస్తుంది. చుడీదార్ కాలు, చీర కుచ్చిళ్లు దాని కింద నుంచి పళ్లలోకి పోతాయి. చైనును చుట్టూ మూసే రేకు కేసు ఉంటే బట్టకు గ్రీజు అంటదు, వానలో చైనుకు బురద పట్టదు. పైట చెంగు, చున్నీ పోయేది వెనక చక్రంలోకి కాబట్టి దానికి రెండు పక్కలా జాలీ ఉండాలి. అది లేని బండికి విడిగానైనా కట్టించుకోవాలి.

నల్లరేగడి మట్టి సంగతి వేరు. వాన పడ్డ కాలువ గట్టు మీద రెండు ఫర్లాంగులు తొక్కితే మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో బిగుసుకుపోతుంది, చక్రం తిరగదు. పుల్ల పెట్టి గీకాల్సిందే. అందుకని టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు సులువుగా దూరేంత సందున్న బండి పల్లెకు మంచిది.

టైరు కొలత కూడా అడిగి తెలుసుకోవాలి. పాత తరహా లేడీస్ సైకిళ్లకు ఎక్కువగా 26 × 1⅜ టైరు ఉంటుంది. అదే 26 పేరుతో వచ్చే 26 × 2.125 లావు టైరు దీని రిమ్ముకు ఎక్కదు. రెండు రిమ్ముల వ్యాసాల మధ్య 31 మిల్లీమీటర్ల తేడా ఉంది. వీధి చివర పంక్చర్ షాపులో ఉండే టైరే మనదీ అయితే దారి మధ్యలో ఇబ్బంది ఉండదు.

కడ్డీ బ్రేకులు చూడముచ్చటగా ఉంటాయి. కానీ క్రోమ్ పూసిన ఇనుప రిమ్ము తడిస్తే అవి సరిగా పట్టవు. ఏలూరు రోడ్డులాంటి రద్దీలో తిరిగేవారికి అల్యూమినియం రిమ్ములు, కేబుల్ బ్రేకులే నయం.

సీటు ఎత్తుకు సులువైన కొలత ఉంది. పెడలు కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారు పాదాలు నేలకు ఆనేలా కాస్త దించుకుంటారు. మోకాళ్లు నొప్పెట్టకుండా అలవాటైన కొద్దీ పెంచుకోవాలి.

పాతది కొనేటప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన సైకిల్‌కు పైపైన రంగు వేస్తే లోపం కనిపించదు. బేరం ఆడేముందు సీటు గొట్టం పైకి లాగి చూడాలి. తుప్పు పట్టి కదలకపోయినా, లోపల మట్టి చార కనిపించినా అనుమానించాల్సిందే. తర్వాత వెనక చక్రం లేపి తిప్పాలి. రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందు మారుతూ ఉంటే చక్రం బెండు వచ్చినట్టు. ఒక చేత్తో ఫ్రేము, ఇంకో చేత్తో పెడలు కాడ పట్టుకుని పక్కలకు ఊపితే టకటకలాడిందంటే లోపలి గుండ్లు అరిగాయన్నమాట. ఇవన్నీ బాగయ్యేవే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి. ఫ్రేము అతుకు దగ్గర పగులు కనిపిస్తే మాత్రం బేరమే వద్దు. అడ్డ కడ్డీ లేని ఫ్రేములో బరువంతా కింది గొట్టాల అతుకుల మీదే పడుతుంది.

సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతపడిందని పాత అట్లాస్ బండికి భయపడనక్కర్లేదు. చైను, ఫ్రీవీలు, గుండ్లు అన్ని కంపెనీలకూ దాదాపు ఒకే కొలతలో వస్తాయి. కొత్త సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాతదానికి ధర కట్టేటప్పుడు ఈ తగ్గింపు కూడా లెక్కలోకి తీసుకోవాలి.